ఏడాది కారానికి మిరపకాయలు ఎలా ఎంచుకోవాలి?

ఏటా ఎండాకాలం మొదట్లో మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టిస్తాం. పాతికేళ్లుగా కాయలు ఎంచే పని నాదే. కొట్టులో ఎర్రగా మెరిసే బస్తా చూడగానే "ఇందులోంచి అయిదు కేజీలు ఇవ్వండి" అనేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఏడాదంతా తినాల్సిన కారం అది.

ఒక గుడ్డసంచి, తెల్లటి తడిగుడ్డ చాలు. పగటిపూటే వెళ్లండి. ట్యూబ్‌లైటు వెలుగులో మిరపకాయలు కొనకూడదు.

ముందు రకం తేల్చుకోండి. మన ఎండుమిర్చి రకాలన్నీ, కూర వండుకునే క్యాప్సికంతో సహా, దాదాపు ఒకే జాతి: క్యాప్సికం యాన్యువమ్. అందుకే ఘాటు జాతిని బట్టి తెలియదు, రకాన్ని బట్టే తెలుస్తుంది. గుంటూరు సన్నంలో రంగు, కారం రెండూ సమంగా ఉంటాయి. మిరప ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో అది 35 నుంచి 40 వేలు. తేజ అంతకంటే చాలా ఘాటు. కర్ణాటకలోని బ్యాడిగి ముడతలు పడి, ముదురు ఎరుపులో ఉంటుంది, కారం తక్కువ. వరంగల్ చపాటా, అదే టమాటా మిర్చి, లావుగా ఉండి మంచి రంగునిస్తుంది.

ఇంటి కారానికి మూడు పాళ్లు సన్నం, ఒక పాలు బ్యాడిగి. ఇందులో మార్పు లేదు. ఒక్క తేజతోనే పట్టిస్తే కూరకు మంటే తప్ప రుచి రాదు. తక్కువ వేసుకుంటే సరిపోతుందంటారు కానీ, తక్కువ వేస్తే కూర పాలిపోతుంది. ఆవకాయకైతే సన్నం ఒక్కటే.

ఇక అసలు పని కాయను పరీక్షించడం. అందరూ ఇక్కడే తొందరపడతారు.

బస్తా పైన ఉన్నవి చూసి మోసపోకండి. చెయ్యి అడుగుదాకా పెట్టి గుప్పెడు తీయండి. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. వంచితే కొంచెం వంగి, ఫట్‌మని విరగాలి. తోలులా మడతపడితే చెమ్మ ఉన్నట్టే. నీళ్ల బరువుకు కూడా మీరే డబ్బు కడతారు, పైగా కారం ఉండలు కట్టి బూజు పడుతుంది. ముట్టుకోగానే పొడైతే పాత సరుకు.

తర్వాత నాలుగైదు కాయలు చీల్చి చూడండి. ఇది మాత్రం మానొద్దు. పైకి నిగనిగలాడే కాయ లోపల నల్లటి బూజు ఉండొచ్చు. ఒక ఏడాది చీల్చకుండా తెచ్చి, ఇంటికొచ్చాక సగానికి పైగా పారబోశాను. బూజు పట్టిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు. వేయించినా, పోపులో వేసినా అది పూర్తిగా పోదు. తెల్లబారిన తాలుకాయలు పదిలో ఒకటి కనిపించినా ఆ బస్తా వదిలేయండి.

రంగు మీద అనుమానమొస్తే తడిగుడ్డతో రుద్దండి. మిరప ఎరుపు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. గుడ్డకు చిక్కగా ఎరుపు అంటితే అది కాయ రంగు కాదు.

ఘాటు చూడ్డానికి చాలామంది కొస కొరికి "కారం లేదు" అంటారు. కారం ఉండేది తొడిమ వైపు, గింజలు అంటుకునే తెల్లటి ఈనెలో. అక్కడ కొద్దిగా కొరికి చూడండి. గింజలు తీసేస్తే కారం తగ్గుతుందనే మాటా తప్పే, గింజల్లో సొంత కారం లేదు.

ఇంటికి తెచ్చాక తొడిమలు తీసి, రెండు రోజులు మంచి ఎండలో పోసి, మరకు ఇవ్వండి. మీకంటే ముందు అక్కడ పసుపు పట్టారేమో అడగండి. వచ్చిన కారం వేడిగా ఉంటుంది, పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే జాడీకి ఎత్తండి. రోజువారీ వాడకానికి చిన్న డబ్బాలోకి తీసుకోండి. పెద్ద జాడీలో తడి చెంచా పెట్టనివ్వకండి.