హెడ్‌ఫోన్స్‌లో పాట విశాలంగా వినిపించాలంటే

ఎవరైనా కుడివైపు నుంచి పిలిస్తే ఆ శబ్దం ముందు కుడి చెవికి, మహా అయితే 0.7 మిల్లీసెకన్ల తర్వాత ఎడమ చెవికి చేరుతుంది, అదీ తల అడ్డం రావడంతో కాస్త తగ్గి. ఈ తేడాలను, చెవి డొప్ప మడతలు శబ్దాన్ని మార్చే తీరును బట్టి మెదడు దిక్కు పట్టేస్తుంది. స్పీకర్లయితే రెండిటి శబ్దమూ రెండు చెవులకూ అందుతుంది, హెడ్‌ఫోన్స్‌లో ఎడమది ఎడమకే, కుడిది కుడికే. అందుకే పాడేవాళ్ల గొంతు మన తల లోపలే ఉన్నట్టుంటుంది.

ముందు ఫోన్‌లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం పంపే సెట్టింగ్) ఆఫ్ చేయండి, అది ఆన్‌లో ఉంటే మిగతాదంతా వృథా. తర్వాత క్రాస్‌ఫీడ్ ఉన్న ప్లేయర్ వాడండి. ఒక వైపు శబ్దాన్ని కొంచెం తగ్గించి, కొంచెం ఆలస్యంగా రెండో చెవికీ పంపుతుంది, నాకైతే పాత స్టీరియో పాటలకు ఇది తప్పనిసరి అనిపిస్తుంది.

ఇక దూరం ఎక్కువగా తెలిసేది ప్రతిధ్వని వల్ల. వీణ తీగ మీటాక నాదం సన్నగిల్లుతూ గది గోడలను తాకి వచ్చే ఆ చివరి ముక్క ఉంది చూడండి, చోటు తెలిసేదంతా అక్కడే! అమీర్‌పేట మెట్రో రొదలో మునిగిపోయేది కూడా అదే. కాబట్టి రాత్రి ఇంట్లో, ఫ్యాన్ ఆపి వినండి. ఓపెన్ బ్యాక్, అంటే వెనకవైపు మూసేయకుండా గాలి ఆడేలా ఉండే హెడ్‌ఫోన్స్, అయితే ఇంకా బాగుంటుంది, కాకపోతే శబ్దం బయటికి పోతుంది, పక్కన ఎవరూ నిద్రపోకుండా ఉంటేనే పెట్టుకోండి.