మాంటిస్ రొయ్య ఇంటి వంట – రెండో పాఠం: ఎక్కడ అడగాలి, ఏది కొనాలి

పోయిన పాఠంలో మాంటిస్ రొయ్యను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. పేరులో రొయ్య ఉన్నా అది రొయ్య జాతి కాదని, గొల్లభామలా మడిచిపెట్టుకునే ఆ రెండు ముళ్ల చేతులే దాని గుర్తు అని చూశాం. ఈసారి కొనుగోలు. పొయ్యి దగ్గరికి ఇంకా వెళ్లం. ఈ సరుకు విషయంలో కూర రుచి మార్కెట్లోనే తేలిపోతుంది. అక్కడ తప్పు సరుకు తెచ్చుకుంటే ఎంత మసాలా వేసినా లాభం లేదు.

ఇంత తొందర ఎందుకు

మామూలు రొయ్యలో తిండిని అరిగించే గ్రంథి తల భాగంలో ఉంటుంది. తల తుంచి ఐస్‌లో పెడితే కండ చాలాసేపు ఆగుతుంది. మాంటిస్ రొయ్యలో ఆ గ్రంథి తల దగ్గర మొదలై ఒంటి పొడవునా సాగి తోక పలక దాకా వెళ్తుంది. ప్రాణం పోయిందంటే ఆ రసాలు తన కండనే కరిగించడం మొదలుపెడతాయి. తల తీసినా ఉపయోగం లేదు. పైన పెంకు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం జావ. ఉడికించి ఒలిచేసరికి పెంకుకు అతుక్కున్న తడి ముద్ద తప్ప ఏమీ రాదు. ఐస్ ఈ పనిని నెమ్మది చేస్తుంది కానీ ఆపలేదు. ఆపగలిగేది వేడి ఒక్కటే.

దీన్ని ఇష్టంగా తినే ఊళ్లన్నీ ఈ ఒక్క చిక్కు చుట్టూనే తమ అలవాట్లు అల్లుకున్నాయి. జపాన్‌లో ఒడ్డుకు రాగానే ఉడికించేసి, ఉడికిన సరుకుగానే అమ్ముతారు. సుషీ మీద కనిపించేది అదే. హాంకాంగ్‌లో బతికున్నదే కొంటారు. పెద్దవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని ఒక్కోదాన్ని ఒక్కో ప్లాస్టిక్ సీసాలో పెట్టి నీళ్ల తొట్టెలో ఉంచుతారు. దుకాణం ముందు వరసగా సీసాలు, ప్రతి సీసాలోంచి తొంగిచూసే రెండు కళ్లు. వెనిస్‌లో రియాల్టో చేపల మార్కెట్టుకు చలికాలంలో వెళ్తే పళ్లేల్లో ఇంకా కదులుతున్నవి కనిపిస్తాయి. నవంబర్ 25న వచ్చే సెయింట్ కేథరిన్ పండుగ నాటికి కోడిపెట్ట కన్నా ఇదే మేలని అక్కడో సామెత కూడా ఉంది. ఆ రోజుల్లో ఆడవాటి ఒంట్లో గుడ్డు నిండుతుంది మరి.

మన దగ్గర దీని గతి వేరు.

విశాఖ హార్బర్‌లో ఎక్కడ చూడాలి

బంగాళాఖాతంలో ఇది కావలసినంత ఉంది. బురద నేలలో బొరియలు చేసుకుని ఉంటుంది కాబట్టి, సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలల్లో రొయ్యలతోపాటు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం లాంటి మరబోట్ల రేవుల్లో దొరికే అవకాశం ఎక్కువ. చిన్న పడవలు తీరం దగ్గర వేసే వలల్లో తక్కువ. అందుకని ఊరి బీచ్‌లో పడవ దగ్గర నిలబడి అడిగితే ఉత్త చేతులతో రావాల్సి రావచ్చు.

చిక్కల్లా దాన్ని సరుకుగా లెక్కపెట్టకపోవడమే. టైగర్ రొయ్య, పండుగప్ప, వంజరం వేలంపాట దగ్గర తళతళలాడుతుంటాయి. మాంటిస్ రొయ్య మాత్రం చిన్నాచితకా చేపలు, పిల్ల పీతలతో కలిసి చిల్లర కుప్పలో ఉంటుంది. ఆ కుప్ప ఎండబెట్టడానికో కోళ్ల దాణాకో పోతుంది. పాట జరిగే చోట వెతికితే మీకు కనిపించదు. బోటు మీద సరుకు వేరు చేసే చోటికి, చిల్లర కుప్ప పోసే చోటికి వెళ్లాలి, అదీ తెల్లవారుజామునే.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటి ఉంది. రోజుల తరబడి వేటకు వెళ్లే పెద్ద బోట్లలో ఐస్ గది ఖరీదైన సరుకుకే కేటాయిస్తారు. మొదటి రోజుల్లో పడిన చిల్లరను సముద్రంలోనే పారేసి, తిరిగొచ్చే ముందు వేసిన వలల్లోది మాత్రం ఒడ్డుకు తెస్తారు. కాబట్టి అదే బోటులో ఐస్ కింద ఉన్న ఖరీదైన చేప కన్నా ఈ చిల్లర సరుకే కొత్తది కావచ్చు. అయినా రాత్రి పడిందా, నిన్న పడిందా అని అడిగి తీరాలి. ఒక్కరోజు పట్టుబడితో వచ్చే చిన్న మరబోటు దొరికితే ఇంకా మంచిది.

పేరు చెప్పి అడగడం కన్నా ఫోన్లో ఫొటో చూపించడం మేలు. చేపలమ్మే ఆవిడ దగ్గర కూర్చుని, "అప్పా, ఇవి ఉన్నాయా?" అని చూపిస్తే, "ఇదేటి బాబూ, ఇది కొంటావేటి? కోళ్ల మేతకి ఎల్లిపోద్ది" అని నవ్వొచ్చు. నవ్వనివ్వండి. "రేపు బోటొచ్చినప్పుడు పెద్దవి ఏరి రెండు కిలోలు పక్కన పెట్టప్పా, ఏరిన కూలి ఇస్తాను" అనండి. కొనడంలో అసలు కిటుకు ఇదే. కుప్పలోంచి అప్పటికప్పుడు ఏరుకోవడం కన్నా, కుప్పలో పడకముందే మీ కోసం తీయించుకోవడం. ధర నిలకడగా ఉండదు, బోర్డు మీద రాసుండదు. మీ మొహంలో ఆత్రం చూసి చెప్తారు, అందుకని ముందే మాట్లాడుకోవాలి. అలాగని మరీ గీచి గీచి బేరమాడకండి. నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చిందంటే వచ్చే వారం ఆవిడే ఫోన్ చేస్తుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో ఎవరైనా "ఫ్రెష్" అంటే ఎక్కడిదని నిలదీయండి.

చేతిలోకి తీసుకుని చూడటం

ముందు జాగ్రత్త. ముందరి చేతులకు దువ్వెన పళ్లలాంటి ముళ్లుంటాయి, తోక పలక అంచున కూడా పదునైన ముళ్లుంటాయి. బతికున్నది ఒక్క విదిలింపు విదిలిస్తే వేలు తెగుతుంది. మందపాటి రబ్బరు గ్లౌజు వేసుకుని, వీపు మీద నుంచి, తల పెంకు ముగిసిన చోట రెండు పక్కలా బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి. తోక మీ వైపు తిరగకుండా చూసుకోండి. పైకెత్తగానే నీళ్లు చిమ్మిందా, సంతోషించండి.

ఇప్పుడు వెల్లకిలా తిప్పండి. చేపకు, రొయ్యకు మొప్పలు తల దగ్గర చూస్తాం. దీనికి పొట్ట కింద చూడాలి. తోక భాగం అడుగున ఆకుల్లాంటి కాళ్లు జతలు జతలుగా ఉంటాయి, వాటికే కుచ్చుల్లా మొప్పలు. ఆ ఆకులు అల్లల్లాడుతుంటే ప్రాణం ఉన్నట్టే, మిగతా ఒళ్లు కదలకపోయినా సరే. ఆకులు కదలకుండా, కుచ్చులు మాత్రం శుభ్రంగా, విడివిడిగా ఉంటే ఈమధ్యే పోయిందని లెక్క. కొనొచ్చు, కానీ నేరుగా ఇంటికెళ్లి ఉడికించాలి. కుచ్చులు గోధుమ రంగుకు తిరిగి, జిగురుగా అంటుకుపోయి ఉంటే వదిలేయండి. ఎంత పెద్దదైనా, ఎంత చవకైనా.

తర్వాత నడుము దగ్గర పెంకు పట్టీల మధ్య వేలితో నొక్కండి. కింద బిగువు తగలాలి. మెత్తగా దిగిపోతే కండ కరగడం మొదలైంది, లేదా ఈమధ్యే కుబుసం విడిచి ఒళ్లు ఇంకా నిండలేదు. రెండూ మనకు పనికిరావు. ఒకే పొడవున్న రెండిటిని చెరో చేతిలో పెట్టి తూచుకోండి, బరువున్నదే తీసుకోండి. ముక్కు దగ్గర పెడితే సముద్రపు వాసన రావాలి. అమోనియా ఘాటు తగిలితే ఇక చూడక్కర్లేదు.

ఇక ఆడదా మగదా. మెడ కింద, నడిచే కాళ్ల మధ్య పెంకు మీద మూడు తెల్లటి అడ్డగీతలు పాలరంగులో కనిపిస్తే అది ఎదిగిన ఆడది. అక్కడుండేవి గుడ్లను అంటించే జిగురు గ్రంథులు. చైనా కొనుగోలుదారులు ఈ గీతలే చూసి ఏరుకుంటారు. గుడ్డు నిండినదాన్ని వెలుతురుకు పెడితే వీపు మధ్యగా తోక దాకా ముదురు చార కనిపిస్తుంది. మగవాటిలో నడిచే కాళ్లలో చివరి జత మొదట్లో సన్నటి పుల్లల్లాంటివి రెండుంటాయి. గుడ్డు కావాలంటే ఆడది, ఉత్త కండ చాలనుకుంటే ఏదైనా ఒకటే. నా ఓటు మాత్రం ఆడదానికే.

సైజులో రాజీ పడకండి. మన తీరంలో ఎక్కువగా దొరికే రకాలు అరచేయంత ఉంటాయి. అంతకన్నా చిన్నవి ఒలిచే కష్టానికి కూడా గిట్టవు, పులుసులో రుచికి వేసుకోవాలంతే. హార్పియోస్క్విల్లా అనే పెద్ద రకాల్లో ఒకటి అడుగు దాకా పెరుగుతుంది. అది కనబడితే ఆలోచించకండి. పెంకు బరువే ఎక్కువ కాబట్టి మనిషికి అరకిలో చొప్పున లెక్క వేసుకోండి.

సముద్రం లేని ఊళ్లో

హైదరాబాద్ వాళ్లు ముషీరాబాద్, రాంనగర్ చేపల మార్కెట్లలో అడిగి చూడొచ్చు. కానీ నా మాట వింటే, ఐస్‌లో ప్రయాణం చేసొచ్చిన పచ్చి మాంటిస్ రొయ్యను అక్కడ కొనకండి. కారణం పైన చెప్పిందే. అంతకన్నా తీరంలో తెలిసినవాళ్లతో ఉడికించి, చల్లార్చి, గడ్డకట్టించి తెప్పించుకోవడం నయం.

అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్లు చైనీస్, వియత్నమీస్ సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లు వెతకండి. ప్యాకెట్ మీద ఉడికించినదా, పచ్చిదా చూడండి, ఉడికించినదే తీసుకోండి. గ్లేజింగ్ తీసేసిన నికర బరువు ఎంతో చదవండి, పైన మంచు పొరకు డబ్బులు పోయొద్దు. లోపల మంచు ముక్కలు విడిగా గలగలలాడుతుంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. సింగపూర్‌లో ఉన్నవాళ్ల పని తేలిక, తొట్టెల్లో బతికున్నవే దొరుకుతాయి.

రొయ్యలు, పీతలు పడనివాళ్లు ఇంట్లో ఉంటే దీన్ని కూడా వాళ్లకు పెట్టొద్దు.

ఇంటికి తేవడం

మంచినీళ్లలో వేయకండి, చచ్చిపోతుంది. కరిగిన ఐస్ నీళ్లలో నానబెట్టకండి. థర్మాకోల్ పెట్టె అడుగున ఐస్, దాని మీద ఉప్పునీళ్లలో తడిపిన గోనెసంచి, దాని మీద సరుకు, పైన ఇంకో తడి గుడ్డ. కరిగిన నీళ్లు పోయేలా పెట్టెకు అడుగున చిల్లు ఉండాలి. హార్బర్‌కు బయల్దేరేముందే ఇంట్లో పెద్ద గిన్నె, రాళ్ల ఉప్పు తీసి పెట్టుకోండి. దారిలో కూరగాయలకు ఆగడాలు, టిఫిన్‌కు ఆగడాలు ఈ రోజుకు వద్దు.

ఇంటికి రాగానే ఓ ఇరవై నిమిషాలు ఫ్రీజర్‌లో పెడితే మొద్దుబారి కదలడం మానేస్తాయి. అప్పుడు తెర్లుతున్న ఉప్పునీళ్లలో వేసి, నీళ్లు మళ్లీ మరగడం మొదలయ్యాక నాలుగైదు నిమిషాలు. మరీ పెద్దవైతే ఇంకాస్త. తీసి ఆరబెట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఇక్కడికి వచ్చారంటే కండ కరిగే భయం పోయినట్టే.

ఈ వారం అభ్యాసం

ఏమీ కొనకండి. మీకు దగ్గరి రేవుకో మార్కెట్టుకో ఒక ఉదయం వెళ్లి చిల్లర కుప్ప ఎక్కడ పోస్తారో చూడండి. దొరికితే ఒకదాన్ని వెల్లకిలా తిప్పి మొప్పలు, మెడ కింద గీతలు పరీక్షించండి. ఏ రోజు ఏ బోటు వస్తుందో అడిగి, ఒకావిడ ఫోన్ నంబర్ తీసుకోండి.

మూడో పాఠానికి బలమైన కత్తెర ఒకటి కావాలి. వంటింటి కత్తెర చాలు, మొన మాత్రం సన్నగా ఉండాలి. రెండు పక్కలా పెంకు అంచు కత్తిరించి కండను ఒక్క ముక్కగా లాగడం, ఆ తర్వాత వెల్లుల్లి, ఎండుమిర్చి, మిరియాలతో వేపుడు చూద్దాం.