స్థలాల మీద డబ్బు పెట్టేవాళ్లు మార్కెట్లో పేరు నిలబెట్టుకోవడం ఎలా

గుంటూరు చుట్టుపక్కల స్థలాల మీద డబ్బు పెట్టాలని కొత్తగా దిగేవాళ్లు నన్ను మొదట అడిగేది రేటు. గోరంట్లలో గజం ఎంత, పెదకాకాని వైపు పెరుగుతుందా, వడ్డీకి ఇస్తే నూటికి ఎంత వస్తుంది అని. ఎవరి దగ్గర కొనాలి, ఎవరికి ఇవ్వాలి, రేపు మనకు అవసరం పడితే ఎవరిస్తారు అని అడిగేవాళ్లు తక్కువ. ముందు తేల్చుకోవాల్సింది అదే. నేను బ్రాడీపేటలో ఉంటాను. స్థలాలు కొని అమ్ముతాను, తనఖా మీద అప్పు ఇస్తాను, కావలసినప్పుడు తెచ్చుకుంటాను కూడా. ఈ పనిలో సగం సంగతులే కాగితంలో ఉంటాయి. మిగతా సగం మనుషుల నోట వినాల్సిందే.

ఈసీనే, అంటే స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌నే తీసుకోండి. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించాలి. తప్పకుండా తీయించండి. కానీ అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు రాసి ఇంకొకరి దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నారా, ఒరిజినల్ దస్తావేజులు ఎవరి బీరువాలోనో పెట్టి అప్పు తెచ్చారా, అన్నదమ్ముల మధ్య గొడవ ఉందా అన్నది ఈసీ చెప్పదు.

కాబట్టి ఆరా తీయడం నేర్చుకోవాలి. ‘ఆయన మంచివాడేనా’ అని అడిగితే ఎవరైనా మంచివాడే అంటారు. పాత బిల్లుల గురించి అడగండి. బిల్డర్ అయితే ఆయన ఇనుము, సిమెంటు తెచ్చుకునే కొట్టుకు వెళ్లి ఎన్నాళ్లకు డబ్బు కడతాడో కనుక్కోండి. సెంట్రింగ్ మేస్త్రీని పలకరించండి. కూలీ డబ్బులు శనివారం శనివారం సర్దుతున్నాడా, వచ్చే వారం వచ్చే వారం అని తిప్పుతున్నాడా అన్నది ఆయన చెప్పేస్తాడు. లేఅవుట్ వేసిన మనిషైతే ఇంతకుముందు వేసిన వెంచర్‌కు స్వయంగా వెళ్లండి. బ్రోచర్‌లో చూపించిన రోడ్డు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు పడ్డాయా? అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లు ఆయన ఫోన్ ఎత్తుతాడంటున్నారా? 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు చేయకుండా అమ్మకానికే పెట్టకూడదు. నమోదైన ప్రాజెక్టులో కూడా అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. ఈ మాట ఎత్తగానే చిరాకు పడే మనిషితో బేరం వద్దు. ‘మనవాళ్లే కదా’ అన్న ఒక్క మాట మీద మాత్రం ఎప్పుడూ డబ్బు ఇవ్వకండి.

ఇక మీ పేరు. అది పెద్ద బేరాల్లో రాదు. మధ్యవర్తికి కమీషన్ రిజిస్ట్రేషన్ రోజునే, ఒప్పుకున్నంతా ఇవ్వండి. ఆయన్ని తప్పించి నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్లకండి. అలా మిగుల్చుకున్న కొద్దిపాటి డబ్బుకు వచ్చే ఏడాది మంచి స్థలం కబురు మీదాకా రాదు. మీరు అమ్మేవాళ్లైతే, అడ్వాన్సు పుచ్చుకున్నాక ఇంకొకరు గజానికి వెయ్యి ఎక్కువిస్తామన్నా మాట మార్చకండి. కొనేవాళ్లైతే, గడువుకు డబ్బు అందదని తెలిసిన రోజునే చెప్పండి. గడువు రోజు సాయంత్రం చెప్పడం వేరు, నెల ముందు చెప్పడం వేరు.

అప్పు విషయంలో నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూసేది ప్రామిసరీ నోటు వెనక వైపు. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఆలోపు కొంత డబ్బు కట్టి, వెనక ‘ఈ రోజున ఇంత మొత్తం చెల్లించడమైనది’ అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, తేదీ వేసి, అప్పు తీసుకున్న మనిషి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. దీన్నే చెల్లు వేయడం అంటాం. లేకపోతే నోటుకు కాలదోషం పడుతుంది, కోర్టుకు వెళ్లినా దాని మీద వసూలు కాదు. అది పట్టేదాకా తప్పించుకు తిరిగేవాళ్లు ఉన్నారు, పిలవకుండానే వచ్చి చెల్లు వేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అమరావతి రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు వైపు ప్లాట్లు అడిగేవాళ్లు లేకుండా పోయారు. నా దగ్గర డబ్బు తీసుకుని అక్కడ కొన్న ఒక కుర్రాడు అప్పుడు ఇంటికి వచ్చాడు. “పిన్నిగారూ, ఇప్పుడు అమ్మితే అసలు కూడా రాదు. వడ్డీ సగమే కట్టగలను. నోటు గడువు దాటకముందే చెల్లు వేస్తాను, మిగతాది అమ్మకం అయ్యాక” అన్నాడు. అలాగే చేశాడు. 2024లో రాజధాని పనులు మళ్లీ మొదలవుతాయనగానే మార్కెట్ కదిలింది. అతను అమ్మి, పాత వడ్డీతో సహా తీర్చాడు. ఇప్పుడు రూపాయి వడ్డీకి కూడా అతనికి అప్పు పుడుతుంది. అదే వైపు, అదే రోజుల్లో కొని ఫోన్ నంబరు మార్చేసిన ఇంకో మనిషికి కూడా స్థలం మంచి ధరే పలికింది. కానీ ఈ పేటలో ఆయనకు చేబదులు ఇచ్చేవాళ్లు లేరు.

ఇచ్చేవాళ్లకూ పేరు కావాలి. 2015లో విజయవాడలో, అధిక వడ్డీకి అప్పులిచ్చి జనాన్ని వేధించిన కాల్ మనీ వ్యవహారం బయటపడ్డాక అక్కడ వడ్డీకి ఇచ్చే ప్రతి మనిషినీ అనుమానంగా చూశారు. నాకు అది చాలా బాధనిపించింది, ఎందుకంటే నిజాయితీగా ఇచ్చేవాళ్లు లేకపోతే బ్యాంకు గడప ఎక్కలేని మనిషికి దిక్కుండదు. ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితాల మీద సంతకాలు అడగకండి. 20,000 రూపాయలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు కాబట్టి ఖాతా నుంచి ఖాతాకే పంపండి. రేపు ఇద్దరికీ అదే సాక్ష్యం. బాకీ తీరిన రోజే నోటు, ఒరిజినల్స్ చేతిలో పెట్టండి. బ్యాంకులకైతే 2023 డిసెంబరు నుంచి రిజర్వ్ బ్యాంకు 30 రోజుల గడువు పెట్టింది, దాటితే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి. మనకు అంత గడువెందుకు, కాగితాలు మన బీరువాలోనే ఉంటాయి కదా. తనఖా రిజిస్టర్ చేయించుకుని ఉంటే రద్దుకు కూడా మీరే తోడు వెళ్లండి. లేదంటే పాపం, ఈసీలో ఆ అప్పు అలాగే ఉండిపోయి వాళ్ల అమ్మకం ఆగిపోతుంది.

స్నేహితుడి బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెట్టేటప్పుడు కూడా ఆలోచించండి. అతను కట్టకపోతే బ్యాంకులు అప్పిచ్చేముందు చూసే మీ సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది.

పేరు ఇప్పటికే చెడితే చిన్న బాకీలతో మొదలుపెట్టండి. మేస్త్రీకి, మధ్యవర్తికి, ఇనుము కొట్టుకు ముందు తీర్చండి, ఎందుకంటే మీ గురించి నలుగురికీ చెప్పేది వాళ్లే. పెద్ద మొత్తాలు అప్పిచ్చినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లి ఏ నెల ఎంత కడతారో కాగితం మీద రాసివ్వండి. కట్టగలిగినంతే రాయండి. అంతా తీరాక నోటు చింపేయకండి. వెనక ‘పూర్తిగా ముట్టినది’ అని అప్పిచ్చినవాళ్ల చేత రాయించి, సంతకం తీసుకుని మీ దగ్గరే దాచుకోండి.