‘రౌండ్ మిడ్‌నైట్’ను ఎలా వినాలి?

అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు, స్వరకర్త థెలోనియస్ మంక్ (1917–1982) పేరు చెప్పగానే జాజ్ శ్రోతలకు మొదట గుర్తొచ్చే రచన ‘రౌండ్ మిడ్‌నైట్’. 1944లో కూటీ విలియమ్స్ బృందం దీన్ని తొలిసారి రికార్డు చేసింది మొదలు, తరం తర్వాత తరం దీన్ని వాయిస్తూనే ఉంది. కొత్తవారు నేరుగా మనోధర్మం ఎక్కువగా ఉన్న రికార్డులకు వెళ్లి, దారి దొరకక వదిలేస్తుంటారు. ఈ వరుసలో వింటే అలా జరగదు.

1. ముందు వరస పట్టుకోండి. బెర్నీ హానిగెన్ సాహిత్యంతో ఎల్లా ఫిట్జెరాల్డ్ 1961లో పాడిన రికార్డు ఇందుకు అనువైనది. ఈ రచనలో ఎనిమిదేసి బార్ల భాగాలు నాలుగు (బార్ అంటే ఇక్కడ నాలుగు లెక్కల కొలత). మూడోది తప్ప మిగిలినవన్నీ దాదాపు ఒకే వరస. మొదటి ఐదు స్వరాలు పైకెక్కి, చివర కాస్త దిగి నిలుస్తాయి. అదే సమయంలో అడుగున మంద్ర స్వరం అర మెట్టు చొప్పున కిందికి జారుతుంది. వినేవారిని కట్టిపడేసేది ఈ ఎదురు నడకే. వరస నోటికి వచ్చేదాకా ముందుకు వెళ్లకండి.

2. ఇప్పుడు 1957లో మంక్ ఒంటరిగా వాయించిన రికార్డు వినండి. ఇక్కడ తొందరపడవద్దు. వరస మీకు తెలుసు కనుక, తర్వాతి స్వరం రావలసిన చోట ఆయన ఎంతసేపు ఆగుతున్నాడో, ఆ నిశ్శబ్దం మిమ్మల్ని ఎలా ఎదురుచూసేలా చేస్తుందో స్పష్టంగా తెలుస్తుంది. పియానోపై పక్కపక్క మెట్లు రెండింటిని ఒకేసారి నొక్కినప్పుడు పుట్టే కరకుదనాన్ని అపస్వరమనుకోకండి. పియానోలో స్వరాన్ని వీణలోలాగా లాగడానికి వీలుండదు. ఆ రెండు మెట్ల మధ్య ఉన్న స్వరాన్ని ఆయన మన ఊహకు అందిస్తున్నాడని నేను నమ్ముతాను. గమకానికి అలవాటుపడిన చెవికి ఇది త్వరగానే అందుతుంది.

3. 1947లో మంక్ తన బృందంతో చేసిన రికార్డును ఒకసారి వినండి.

4. చివరగా 1956లో మైల్స్ డేవిస్ బృందం చేసిన రికార్డు. మ్యూట్ (ధ్వనిని అణచే బిరడా) బిగించిన ట్రంపెట్‌పై డేవిస్ వరసను నెమ్మదిగా వాయించాక, ఒక్కసారిగా వాద్యాలన్నీ గట్టిగా మోగి, జాన్ కోల్ట్రేన్ శాక్సాఫోన్‌పై మనోధర్మం మొదలవుతుంది. అక్కడి నుంచి అసలు వరసను లోలోపల పాడుకుంటూ, ఎనిమిదేసి బార్లను వేళ్లపై లెక్కపెట్టండి. మూడో భాగం మొదలైనచోటును గుర్తించలేకపోతే, కోల్ట్రేన్ ప్రవేశానికి తిరిగి వచ్చి మళ్లీ లెక్కపెట్టండి.