మేతకు వెళ్లే పశువులను, గుర్రాలను జోరీగల నుంచి కాపాడుకునే విధానం

వానలు పడి బీళ్లలో పచ్చిక లేచే రోజుల్లోనే కుట్టే ఈగలూ పెరుగుతాయి. ఆవు మేత మాని తోక విసురుతూ, తల వెనక్కి తిప్పి డొక్కలు తడుముకుంటూ నిలకడ లేకుండా తిరుగుతుంటే, మందు కొనడానికి ముందే దాని పక్కన కాసేపు నిలబడి ఏ ఈగ ఎక్కడ వాలుతోందో చూడాలి. ఈగను బట్టి అది పుట్టే చోటు, ఆ చోటును బట్టి మనం చేయవలసిన పని మారుతాయి.

ఝుమ్మని వచ్చి వీపు మీదో పొట్ట మీదో వాలే పెద్ద కళ్ల ఈగ జోరీగ. వీటిలో ఆడవి మాత్రమే రక్తం తాగుతాయి. జోరీగ దోమలా సూదితో పీల్చదు. కత్తుల వంటి నోటి భాగాలతో చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని నాకుతుంది. అందుకే అది లేచిపోయాక కూడా తెల్లని ఎద్దు డొక్క మీద సన్నని నెత్తుటి చార కిందికి జారుతూ ఉంటుంది. నొప్పికి పశువు ఒళ్లు విదిలించగానే అరకడుపుతో లేచి పక్క పశువును కుడుతుంది. గుర్రాలకు ప్రాణాంతకమైన సర్రా వ్యాధి ఇలాగే పాకుతుంది. ఆ వ్యాధిని కలిగించే క్రిమిని 1880లో పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ గుర్తించాడు.

జోరీగ పిల్లలు చెరువు గట్ల బురదలో పెరుగుతాయి కనుక వాటిని పుట్టిన చోట నిర్మూలించడం మన వల్ల కాదు. అయితే చాలా రకాల జోరీగలు ఎండ వేళ తిరుగుతాయి, చీకటి పాకలోకి అరుదుగా వస్తాయి. కాబట్టి ఉదయం పెందలాడే, మళ్లీ ఎండ వాలాక మేపి, నడిమి వేళ పశువులను నీడపట్టున కట్టేయడం మేలు. గుర్రాలకు లేత రంగు పలుచని వలగుడ్డ కప్పవచ్చు. 2019లో ప్రచురితమైన జపాన్ పరిశోధనలో నల్లని ఆవులకు తెల్లని చారలు పూస్తే వాటి మీద వాలే ఈగలు దాదాపు సగానికి తగ్గాయి.

పశువు ముందు కాళ్ల మీద తల పైకి పెట్టి కూర్చునే, ఇంటి ఈగంత ఈగది వేరే దారి. ఇందులో ఆడా మగా రెండూ రక్తం తాగుతాయి; అది పుట్టేది మన దొడ్డిలోనే, పేడా మూత్రమూ కలిసి కుళ్లిన వరిగడ్డిలో. వెచ్చని రోజుల్లో గుడ్డు నుంచి ఈగ కావడానికి రెండు మూడు వారాలు చాలు కనుక, గాటి కింద మిగిలిన తడి గడ్డిని వారానికి ఒకసారైనా పూర్తిగా ఎత్తివేసి, పలుచగా ఎండబెట్టాలి. నా దృష్టిలో ఏ మందూ దీనికి సాటి రాదు.

వేపాకు పొగ కొంత ఉపశమనం ఇస్తుంది. గాలి ఆడని పాకలో మాత్రం దట్టంగా వేయకూడదు. డెల్టామెత్రిన్ వంటి ఈగల మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే చల్లాలి. అది చేపలకు విషం కనుక, చెరువు పక్కన డబ్బాలు కడగకూడదు, మందు చల్లిన గేదెను అదే రోజు నీళ్లలోకి దించకూడదు.

విడిచి విడిచి జ్వరం రావడం, గుర్రానికి కాళ్లూ పొట్ట అడుగూ వాయడం, ఎద్దు గుండ్రంగా తిరగడం వంటి సర్రా లక్షణాలు కనిపిస్తే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి, రక్త పరీక్ష చేయించాలి. ఫలితం తేలేవరకు ఆ పశువును మందతో మేతకు పంపకుండా, నీడగా ఉన్న పాకలో దోమతెర కట్టి విడిగా ఉంచాలి.