కళాశాల క్రీడాకారుల ఆరోగ్యంపై పరిశోధనకు నిధులు కోరడం ఎలా: విశాఖ అధ్యాపకులకు కొన్ని సూచనలు

విశాఖపట్నం కళాశాలల్లో చదువుతూ విశ్వవిద్యాలయ జట్లకు ఆడే విద్యార్థుల ఆరోగ్యం మీద పరిశోధన చేయాలనుకునే అధ్యాపకులకు, ఫిజికల్ డైరెక్టర్లకు, పీహెచ్‌డీ విద్యార్థులకు ఈ వ్యాసం ఉద్దేశించినది. ఇటువంటి ప్రతిపాదనలు చాలావరకు పరికరాల కొటేషన్లతో మొదలవుతాయి. ట్రెడ్‌మిల్లు ధర ఎంత, శరీరంలో కొవ్వు కొలిచే యంత్రం ధర ఎంత అన్నదే మొదటి ఆలోచన అవుతుంది. నా అభిప్రాయంలో మొదలుపెట్టవలసిన చోటు వేరే ఉంది. ఒక క్రీడాకారిణిని పరీక్షించి, లోపం ఉందని తేలిన మరునాడు ఆమెను ఎవరు చూస్తారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు, ఆ సంగతి ఎవరెవరికి తెలుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు రాసుకోవాలి. బడ్జెట్టు, సమ్మతి పత్రం, సిబ్బంది నియామకం అన్నీ ఆ జవాబుల నుంచే వస్తాయి.

తరువాత విషయాన్ని కుదించాలి. ‘విశాఖ కళాశాల క్రీడాకారుల ఆరోగ్య స్థితి’ అనే శీర్షికతో నిధులు రాబట్టడం కష్టం, ఎందుకంటే దానికి జవాబు దొరికిందని ఎప్పుడు చెప్పగలమో రాసేవారికే తెలియదు. దానికి బదులు, తెల్లవారుజామున ఖాళీ కడుపుతో సాధనకు వచ్చే హాస్టల్ అమ్మాయిల ఒంట్లో ఇనుము నిల్వలు ఏ మేరకు ఉన్నాయని అడగవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది కనుక, ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో వివరించడానికి పేజీలు నింపనక్కరలేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12 గ్రాములు ఉంటే రక్తహీనత లేదని రాసేస్తారు, కానీ శరీరంలో ముందుగా తరిగేది ఇనుము నిల్వ, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తరువాత. అందుచేత ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేర్చాలి. ఒంట్లో వాపు గానీ జ్వరం గానీ ఉంటే ఫెరిటిన్ ఎక్కువగా కనిపించి అసలు లోపాన్ని దాచిపెడుతుంది కాబట్టి, సాధన లేని రోజు మరునాటి ఉదయం రక్తం తీసుకుంటామని, దానితోపాటు ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్‌పీ రక్త పరీక్ష కూడా చేస్తామని పద్ధతి విభాగంలో స్పష్టంగా రాయాలి.

ఖర్చు తక్కువలో కావాలంటే విశాఖ వాతావరణమే మంచి విషయాన్ని అందిస్తుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండడం వల్ల చెమట పడుతుందే తప్ప సులభంగా ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కబడ్డీ, అథ్లెటిక్స్ ఆటగాళ్లు ఒక పూట సాధనలో ఎంత నీరు కోల్పోతున్నారో తెలుసుకోవడానికి వంద గ్రాముల తేడా చూపగల కాటా చాలు. సాధనకు ముందు మూత్ర విసర్జన చేసి వచ్చి, తేలికైన పొడి బట్టలతో బరువు తూచుకోవాలి. సాధన ముగిశాక ఒళ్లు తుడుచుకుని, చెమటకు తడిసిన బట్టలు మార్చుకుని, మళ్లీ అలాగే తూచుకోవాలి. మధ్యలో తాగిన నీటిని లెక్కలో కలపాలి, మధ్యలో మూత్రానికి వెళ్లి ఉంటే దానిని తీసివేయాలి. ఉదాహరణకు 60 కిలోల ఆటగాడి బరువు 58.6కు దిగి, మధ్యలో అతడు అర లీటరు నీరు తాగి ఉంటే, చెమట రూపంలో పోయింది దాదాపు 1.9 లీటర్లు. బరువులో 2 శాతానికి మించి నీరు తగ్గితే ఆట సామర్థ్యం దెబ్బతింటుందని సాధారణంగా అంగీకరిస్తారు, ఇతడు ఆ గీత దాటాడు. నీటి సీసాలన్నీ ఒకేలా ఉంటాయి కనుక వాటి మీద ఆటగాళ్ల పేర్లు రాయించకపోతే ఈ లెక్కంతా వృథా అవుతుంది.

మానసిక క్షేమం మీద పని చేయదలచినవారు మరింత జాగ్రత్త పడాలి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2020లో క్రీడాకారుల కోసం వెలువరించిన మానసిక ఆరోగ్య పరీక్షా సాధనం ఉంది, కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ–9 ప్రశ్నావళి కూడా ఉంది. ఈ రెండవ దానిలో తొమ్మిదవ ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనలకు, తనను తాను గాయపరచుకోవాలన్న ఆలోచనలకు సంబంధించినది. అటువంటి ఆలోచనలు కొన్ని రోజులైనా వచ్చాయని ఒక విద్యార్థి గుర్తు పెట్టిన కాగితం వారం రోజులు అలమరలో పడి ఉంటే, అది పరిశోధన అనిపించుకోదు. ఆ కాగితాన్ని అదే రోజు ఎవరు చదువుతారో, ఏ మానసిక వైద్యుడి దగ్గరకు పంపుతారో ప్రతిపాదనలోనే పేర్కొనాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను సమ్మతి పత్రం చివర పెద్ద అక్షరాలతో అచ్చు వేయించడం మంచిది, కానీ అంతటితో బాధ్యత తీరిందనుకోకూడదు.

ఇక్కడే ఫిజికల్ డైరెక్టరు (పీడీ) గారి ప్రస్తావన తేవాలి. జట్టును ఎంపిక చేసే వ్యక్తే ప్రశ్నాపత్రాలు పంచితే, మోకాలి నొప్పి ఉన్న కుర్రవాడు లేదనే రాస్తాడు, నెలసరి ఆగిపోయిన అమ్మాయి అంతా సవ్యంగా ఉందనే రాస్తుంది. ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు సెలెక్షన్ తప్పిపోతుందన్న భయం అంత బలమైనది. సమాచారం సేకరించేవారు మరో విభాగం వారై ఉండాలి, కాగితం మీద పేరుకు బదులు సంకేత సంఖ్య ఉండాలి, పీడీకి జట్టు మొత్తం సగటు తప్ప ఎవరి ఫలితమూ విడిగా అందకూడదు. ఈ ఏర్పాటును పీడీకి ముందుగా, గౌరవంగా వివరించి ఒప్పించాలి. ఆయన సహకారం లేకుండా గ్రౌండులో ఏ పనీ సాగదు.

నిధుల విషయానికొస్తే, అమెరికాలో కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ విద్యార్థి క్రీడాకారుల మానసిక క్షేమం మీద పరిశోధనకు నేరుగా గ్రాంట్లు ఇస్తుంది. తలకు తగిలే దెబ్బల అధ్యయనం కోసం 2014లో ఆ దేశపు రక్షణ శాఖతో కలిసి 3 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ప్రకటించింది కూడా. మన దగ్గర పోటీలు నిర్వహించే వ్యవస్థ వేరు, పరిశోధనకు డబ్బిచ్చే వ్యవస్థ వేరు. కాబట్టి క్రీడాకారుల సమస్యను ఆయా పరిశోధన మండళ్ల పరిధిలోకి వచ్చే యువత ఆరోగ్య సమస్యగా రాయాలి. రక్తహీనత, గాయాల వంటి వైద్య విషయాలకు భారత వైద్య పరిశోధన మండలిని ఆశ్రయించవచ్చు. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు ఆ మండలి స్వల్పకాలిక పరిశోధన పథకం రెండు నెలల చిన్న అధ్యయనానికి సరిపోతుంది. మనస్తత్వ, సామాజిక కోణాలకు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, యోగా, ధ్యానాల ప్రభావానికి శాస్త్ర సాంకేతిక విభాగం వారి సత్యం కార్యక్రమం, మౌలిక శాస్త్ర ప్రశ్నలకు 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఉన్నాయి.

నగరంలోని పెద్ద పరిశ్రమల సామాజిక బాధ్యత నిధులు మరొక దారి. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఇలా ఖర్చు చేయాలి. ఈ నిధులు వేటికి వాడవచ్చో చెప్పే ఆ చట్టపు ఏడవ షెడ్యూలులో క్రీడా శిక్షణ, నివారణ వైద్యం రెండూ ఉన్నాయి గానీ, ఉత్త పరిశోధన అంటే కంపెనీ వారు వెనుకాడవచ్చు. పరీక్షలు, చికిత్స, పోషకాహారం ముందుంచి, అధ్యయనాన్ని దానికి జతపరచి చూపడం మేలు.

పరిశోధనలో పాల్గొనేవారి క్షేమాన్ని, హక్కులను పరిశీలించే ఎథిక్స్ కమిటీ ఆమోదం లేనిదే పని మొదలుపెట్టకూడదు. డిగ్రీ కళాశాలలో అటువంటి కమిటీ లేకపోతే, ఆంధ్ర వైద్య కళాశాల వంటి సంస్థలోని ఫిజియాలజీ లేదా కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకుణ్ణి సహ పరిశోధకుడిగా చేర్చుకుని, ఏ కమిటీ ముందుకు వెళ్లాలో వారితో మొదటి నెలలోనే తేల్చుకోవాలి. మొదటి సంవత్సరం విద్యార్థుల్లో 18 ఏళ్లు నిండనివారు ఉంటారు. వారి అంగీకారంతోపాటు తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలి. అరకు, పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్లల తల్లిదండ్రుల సంతకాలకు పట్టే సమయాన్ని కార్యక్రమ పట్టికలో చూపాలి.

నమూనా సంఖ్యకు, అంటే అధ్యయనంలోకి ఎంతమందిని తీసుకుంటారన్నదానికి, కారణం చూపించాలి. ఒక సమస్య సగం మందిలో ఉంటుందని అనుకుని, 95 శాతం విశ్వాసంతో, 10 శాతం అటూ ఇటూ తేడాతో అంచనా వేయాలంటే దాదాపు 96 మంది కావాలి. తేడాను 5 శాతానికి తగ్గిస్తే ఆ సంఖ్య 384 అవుతుంది. పరీక్షల కాలంలో, టోర్నమెంట్ల ప్రయాణాల్లో కొందరు జారిపోతారు కాబట్టి మరికొందరిని అదనంగా తీసుకోవాలి.

బడ్జెట్టులో సిబ్బంది జీతం, ప్రయోగశాల రుసుములు, ప్రయాణాలు, ఇతర ఖర్చులు, సంస్థకు చెందే ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చుల వాటా) వేర్వేరుగా చూపాలి. లోపం తేలినవారి తదుపరి పరీక్షలకు, ఆటో ఛార్జీలకు, ఐరన్ మాత్రలకు ఒక పద్దు తప్పనిసరిగా పెట్టాలి. సమీక్షకుడు అడిగితే సమర్థించుకోవడానికి అన్నిటికంటే తేలికైన పద్దు అదే. విశ్వవిద్యాలయంలో ఇప్పటికే ఉన్న యంత్రాన్ని మళ్లీ కొంటామని రాయకూడదు.

మంజూరు ఉత్తర్వు వచ్చాక మొదటి రోజు నుంచే బిల్లులను పద్దుల వారీగా భద్రపరచాలి. కేంద్ర సంస్థలకు 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 12–ఏ నమూనాలో వినియోగ ధ్రువపత్రం పంపాలి. అది అందకపోతే తదుపరి విడత ఆగిపోతుంది, ఈలోగా ప్రాజెక్టు సహాయకుడు జీతం లేక మానేస్తాడు. రక్త పరీక్షల ఫలితాలను మాత్రం తుది నివేదిక దాకా ఆపకుండా, ప్రయోగశాల నుంచి వచ్చిన వారంలోపే ఒక్కొక్క విద్యార్థికి విడిగా, తెలుగులో, డాక్టరు సలహాతో సహా చేతికి ఇవ్వాలి.