ఓవర్‌హాల్ చేసిన ఇంజిన్‌కు క్రాంక్ డ్యాంపర్ ఎక్కించేటప్పుడు పట్టు సరిచూసుకోవడం ఎలా

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, కోరాపుట్ మీదుగా జయపురం వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే లారీల ఇంజిన్లు మైదానంలో నడిచే బళ్ల ఇంజిన్లకన్నా ఎక్కువ శ్రమ పడతాయి. లోడు మీద ఘాట్ ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ ఒకే గేరులో, దాదాపు ఒకే వేగంతో, పూర్తి భారంతో తిరుగుతూ ఉంటుంది. సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను, అంటే ఇంజిన్ ప్రధాన ఇరుసును, ఒక్క ఊపున తోస్తుంది. ఆ తోపుకు ఉక్కు క్రాంక్ కూడా తడిబట్ట పిండినట్టు కాస్త మెలిపడి, మళ్లీ విప్పుకుంటుంది. ఈ మెలిక ఊగిసలాట కొన్ని నిర్దిష్టమైన వేగాల దగ్గర పెరిగిపోతుంది. ఆ వేగం దగ్గరే బండి గంటసేపు ఘాట్ ఎక్కవలసి వస్తే, ఊగిసలాటను అణచవలసిన చక్రం లాంటి డ్యాంపర్ నోస్ మీద, అంటే క్రాంక్ ముందు కొస మీద, గట్టిగా పట్టుకుని లేకపోతే, క్రాంక్ పగుళ్లిచ్చి విరిగే ప్రమాదం ఉంది. అందుకే ఇంజిన్ ఓవర్‌హాల్‌లో చివర బిగించే ఈ భాగాన్ని పుల్లీల కింద జమకట్టి హడావిడిగా ఎక్కించడం తగదు.

క్రాంక్‌ను గ్రైండింగ్‌కు పంపినప్పుడు జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే భాగాలు) మాత్రమే అరగదీస్తారు. నోస్‌ను ఎవరూ ముట్టుకోరు. ముట్టుకోలేదు కనుక అది బాగానే ఉందని అనుకోవడం మన షెడ్లలో సర్వసాధారణం. అయితే పాత డ్యాంపర్ లూజుగా తిరిగిన ఇంజిన్‌లో నోస్ ఎప్పుడో అరిగి ఉండవచ్చు. దానికి గుర్తు సులభంగానే కనిపిస్తుంది. డ్యాంపర్ లాగిన వెంటనే, కడగకముందే, నోస్ మీదా హబ్ (నోస్ మీద కూర్చునే డ్యాంపర్ మధ్య భాగం) రంధ్రం లోపలా వెలుగు పడేలా చూడాలి. మెరిసే ఉక్కు మీద అక్కడక్కడ ముదురు ఎరుపు పొడి, దాని కింద సన్నటి గుంటలు కనిపిస్తే ఆ రెండు లోహాలూ ఒకదాని మీద ఒకటి రాపిడి పడ్డాయని అర్థం. కీ (నోస్‌కూ హబ్‌కూ మధ్య గాడిలో పెట్టే ఉక్కు ముక్క) పక్క గోడలు ఒకవైపు నలిగి మెట్టు పడినా అదే సూచన. పొడి కడిగేస్తే ఈ సాక్ష్యం పోతుంది కనుక ఈ పరిశీలన డీజిల్ బ్రష్ పట్టకముందే జరగాలి.

తరువాత చేయవలసింది కొలత. ఇక్కడ ఓపిక పట్టిన మెకానిక్‌కు మిగతా పనంతా తేలిక అవుతుంది. నోస్ వ్యాసాన్ని బయటి మైక్రోమీటరుతో మూడు చోట్ల, అంటే కొస దగ్గర, మధ్యలో, టైమింగ్ గేరు పక్కన, ప్రతి చోటా ఒకదానికొకటి అడ్డంగా రెండు దిక్కుల్లో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. కీ గాడి మీద మైక్రోమీటరు పడకుండా చూసుకోవాలి. హబ్ రంధ్రాన్ని వెర్నియర్‌తో కొలవడం దండగ, ఎందుకంటే ఇక్కడ తేల్చవలసిన తేడా మిల్లీమీటరులో వందోవంతుల్లో ఉంటుంది. బోర్ డయల్ గేజ్‌ను నోస్ కొలిచిన అదే మైక్రోమీటరుతో సున్నాకు పెట్టి రంధ్రాన్ని కొలిస్తే, మైక్రోమీటరులో ఏదైనా దోషం ఉన్నా రెండు కొలతల్లోనూ ఒకేలా పడి తేడా సరిగానే వస్తుంది. షెడ్డులో బోర్ గేజ్ లేకపోతే లేత్ షాపుకు డ్యాంపర్, మైక్రోమీటరు రెండూ పట్టుకెళ్లడం మంచిది.

కొలిచే ముందు రెండు భాగాలూ ఒకే వేడి మీద ఉండాలి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు పొద్దున్నే స్టోర్‌లోంచి తీసిన డ్యాంపర్‌కూ, గంటసేపు ఎండలో ఉన్న బ్లాకులోని క్రాంక్‌కూ 15 డిగ్రీల తేడా ఉండడం విశేషమేమీ కాదు. 40 మిల్లీమీటర్ల ఉక్కు వ్యాసం మీద ఆ 15 డిగ్రీలు దాదాపు 0.007 మిల్లీమీటర్ల తేడా తెస్తాయి. మనం వెతుకుతున్న మొత్తం బిగువే, అంటే రంధ్రం కన్నా నోస్ ఎంత లావో ఆ తేడాయే, మిల్లీమీటరులో రెండు మూడు వందోవంతులైనప్పుడు ఇది చిన్న తప్పు కాదు. రాత్రంతా రెంటినీ ఒకే నీడలో ఉంచి మరునాడు కొలవడం దీనికి సరైన విరుగుడు.

నోస్ కొలత నుంచి రంధ్రం కొలత తీసివేస్తే వచ్చేదే బిగువు. ఉదాహరణకు నోస్ 40.018, రంధ్రం 39.996 వస్తే బిగువు 0.022 మిల్లీమీటర్లు. ప్రెస్ ఫిట్ (హబ్‌ను నోస్ మీదికి బలంగా నొక్కి ఎక్కించే అమరిక) ఉండే చిన్న ఇంజిన్లలో ఇది సాధారణంగా 0.013 నుంచి 0.038 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. లేత్ పనివారి లెక్కలో అర థౌ నుంచి ఒకటిన్నర థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు). అయితే అన్ని ఇంజిన్లకూ ఇదే లెక్క అనుకోకూడదు. కొన్నింటిలో హబ్ చేత్తోనే జారి ఎక్కేలా ఉండి, కీ, బోల్టు బిగింపు మీద ఆధారపడుతుంది. లారీలకు ఎక్కువగా వాడే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లలో డ్యాంపర్‌ను క్రాంక్ ముఖం మీద బోల్టులతో బిగిస్తారు. మీ చేతిలోని ఇంజిన్ ఏ రకమో ఆ ఇంజిన్ మాన్యువల్ చెప్పాలి, పక్క షెడ్డు జ్ఞాపకం కాదు.

బిగువు తక్కువగా వస్తే నోస్ మీద సెంటర్ పంచ్‌తో గుంటలు కొట్టి ఉబ్బించడం, ఇత్తడి రేకు ముక్క చుట్టి ఎక్కించడం ఈ దారి పొడవునా కనిపించే పద్ధతులు. వీటిని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. పంచ్ గుంట అంచున లేచిన లోహం మీద మాత్రమే హబ్ ఆనుతుంది, ఆ కొద్ది చోటు మొదటి ఘాట్‌లోనే నలిగిపోయి మళ్లీ లూజు అవుతుంది. పైగా ప్రతి గుంటా ఒక పగులు మొదలయ్యే చోటు అవుతుంది. బోల్టు ఎక్కువ బిగిస్తే సరిపోతుందని అనేవారూ ఉన్నారు. ప్రెస్ ఫిట్ హబ్‌లో బోల్టు పని హబ్‌ను వెనక్కు ఆనించి పట్టడమే. చుట్టూ పట్టు లేని హబ్‌ను అది నిలబెట్టలేదు. హబ్ అరిగితే డ్యాంపర్ మార్చాలి, నోస్ అరిగితే క్రాంక్‌ను మంచి గ్రైండింగ్ షాపులో లోహం పోయించి మళ్లీ సైజుకు గ్రైండ్ చేయించాలి. బిగువు మరీ ఎక్కువగా ఉంటే రంధ్రాన్ని హోనింగ్ చేయించవచ్చు, ఎమెరీ పేపర్‌తో చేత్తో రుద్దితే రంధ్రం కోడిగుడ్డు ఆకారం తేలుతుంది.

డ్యాంపర్ మాత్రం బాగుందా అన్నది వేరే ప్రశ్న. రబ్బరు రకంలో లోపలి హబ్ మీదా బయటి రింగు మీదా ఉండే గుర్తు గీతలు ఒకే వరుసలో ఉండాలి. కమిన్స్ బి సిరీస్ ఇంజిన్లలో ఈ గీతలు 1.59 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరిగినా, రబ్బరు లోహపు అంచుకన్నా 3.18 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోయినా మార్చాలి. గీత జరిగిన డ్యాంపర్‌తో టైమింగ్ మార్కు కూడా అబద్ధం చెబుతుంది. సిలికాన్ ఆయిల్ రకంలో పైడబ్బా మీద చిన్న సొట్ట ఉన్నా, ఉబ్బు ఉన్నా, ఆయిల్ కారిన జాడ ఉన్నా వాడకూడదు, ఎందుకంటే లోపలి రింగుకూ డబ్బాకూ మధ్య సందు చాలా సన్నం. పాత సామాన్ల దుకాణంలో కొన్న డ్యాంపర్‌కు ఈ పరీక్ష రెండింతలు అవసరం.

ఆయిల్ సీల్ పెదవి తిరిగే చోట హబ్ మీద గోరు తగిలేంత గాడి పడి ఉంటే, ఎంత మంచి కొత్త సీల్ వేసినా కారుతుంది. ఆ చోట రిపేర్ స్లీవ్ ఎక్కించాలి, లేదా సీల్‌ను గాడికి కాస్త ఇవతల నిలపాలి.

ఎక్కించే పనిలో సుత్తి, చెక్కదిమ్మె వాడకూడదు. సుత్తి దెబ్బ రబ్బరు అతుకును చింపుతుంది, థ్రస్ట్ వాషర్ల మీద పడి కొత్త ఎండ్ ప్లేను (క్రాంక్ ముందుకూ వెనక్కూ కదిలే కొద్దిపాటి సందును) పాడు చేస్తుంది. నోస్ రంధ్రంలోకి తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లయినా దిగే స్టడ్, దాని మీద బేరింగ్, నట్టు ఉన్న పనిముట్టుతో హబ్‌ను నిదానంగా లాగాలి. అసలు బోల్టుతో లాగితే కొద్ది మరల మీదే భారమంతా పడి క్రాంక్ మరలు పోతాయి. ప్రెస్ ఫిట్ హబ్‌ను వేడి చేస్తే పని తేలిక. గ్యాస్ మంట రబ్బరు డ్యాంపర్‌కు తగలకూడదు. మరిగే నీళ్లలో ముంచితే చాలు. కోరాపుట్ ఎత్తులో నీళ్లు దాదాపు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కనుక రబ్బరు మాడదు. 25 డిగ్రీల నుంచి 95కి వెళ్లిన 40 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 0.032 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. పై ఉదాహరణలోని 0.022 బిగువు పోయి ఇంకా 0.010 సందు మిగులుతుంది. నీటి చుక్క లోపల మిగలకుండా గుడ్డతో తుడిచి, సీల్ పెదవికి ఇంజిన్ ఆయిల్ రాసి, కీ గాడిలో కొద్దిగా సిలికాన్ సీలెంట్ పెట్టి ఒక్క తోపులో ఎక్కించాలి.

కీ పక్కలు బిగుతుగా ఉండాలి, కీ నెత్తిన మాత్రం కాస్త సందు ఉండాలి. నెత్తి తగిలితే హబ్ ఒక పక్కకు ఎత్తుకుని వంకరగా కూర్చుంటుంది.

కూర్చున్నాక డెప్త్ గేజ్‌తో నోస్ కొస హబ్ ముఖానికి ఎంత లోపల ఉందో చూడాలి. నోస్ కొస తప్పనిసరిగా లోపలే ఉండాలి. పైకి వస్తే వాషర్ నోస్‌నే నొక్కుతుంది తప్ప హబ్‌ను కాదు, టార్కు రెంచి టక్కుమన్నా హబ్ లూజుగానే ఉంటుంది. బోల్టు రంధ్రంలో ఆయిల్ నిలిచి ఉంటే గాలి కొట్టి తీసేయాలి. డ్యాంపర్‌ను క్రాంక్ ముఖం మీద బోల్టులతో బిగించే రకంలో రెండు ముఖాల మీదా పెయింటు, తుప్పు గీకి, ఎదురెదురు బోల్టులు వంతులవారీగా బిగించాక 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు ఎక్కడా దూరకూడదు. కోణం లెక్కన బిగించే బోల్టులకు కొత్తవే వేయాలి.

చివరగా డయల్ గేజ్ పెట్టి క్రాంక్ తిప్పుతూ అంచు మీద ఎగుడుదిగుడు, ముఖం మీద వంకర చూడాలి. ముఖం చూసేటప్పుడు క్రాంక్‌ను ఒకవైపే నొక్కి పట్టుకోకపోతే ఎండ్ ప్లే కూడా ఆ లెక్కలో కలిసిపోతుంది. తేడా మాన్యువల్ పరిమితి దాటితే, డ్యాంపర్ తప్పా కూర్చున్న తీరు తప్పా తేల్చడానికి విప్పి మళ్లీ చూడాలి.

బోల్టు తలకూ హబ్‌కూ అడ్డంగా ఒక తెల్ల పెయింటు గీత గీసి, బండి లోడుతో మొదటిసారి సుంకి ఘాట్ ఎక్కి వచ్చాక ఆ గీత, సీల్ చుట్టూ తడి, హబ్ అంచున ఎర్ర పొడి చూడాలి. గీత కదిలి ఉంటే బోల్టు ఇంకాస్త బిగించి బండి పంపేయకుండా, డ్యాంపర్ విప్పి నోస్‌నూ రంధ్రాన్నీ మళ్లీ కొలవాలి.